పది కోట్ల కోసం పద్దెనిమిది వేలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

"మీకు రావలసిన పెద్ద మొత్తం ఒకటుంది, అది పంపాలంటే ముందు ఈ చిన్న ఫీజు కట్టండి" అంటూ ఈ-మెయిల్‌తో మొదలయ్యే మోసం మీద ఈసారి ఉత్తరాలు కుప్పగా వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం. పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా నాన్నగారు బ్యాంకులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యారు. లండన్‌లో చనిపోయిన ఒకాయన ఇంటిపేరూ మా ఇంటిపేరూ ఒకటేననీ, వారసులు లేని ఆ పది కోట్లు మాకు ఇప్పిస్తాననీ ఒక లాయరు పేరుతో మెయిల్ వచ్చింది. అయిదు నెలల్లో ఆరు విడతలుగా ఏడు లక్షల నలభై వేలు కట్టారు. జీవితమంతా డబ్బు లెక్కల్లోనే గడిపిన మనిషి ఎలా నమ్మారు? ఆయన ఆశపోతు కాదండీ. రసీదుల నకళ్లు జతచేస్తున్నాను. – ఒక కూతురు, నిజామాబాద్

జవాబు: విడ్డూరంగా అనిపించవచ్చు గానీ, బ్యాంకు పని తెలిసి ఉండడమే ఆయన్ని ముంచింది. బ్రిటన్‌లో ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ కోసం ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. మోసం ఏ రంగం పేరుతో జరిగిందో ఆ రంగం గురించి బాధితులకు చాలాసార్లు మామూలు వాళ్లకంటే ఎక్కువే తెలుసని, వచ్చిన కాగితాన్ని మిగతావాళ్లకంటే ఎక్కువ శ్రద్ధగానే చదివారని అందులో తేలింది. మోసపోనివాడు చేసిందల్లా రెండు లైన్లు చూసి చెత్తబుట్టలో పడేయడం. మీ నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని కూర్చుని చదివారు. స్విఫ్ట్, ప్రొబేట్, నామినీ, క్లియరెన్స్... అన్నీ ఆయన రోజూ వాడిన మాటలే. తెలిసిన మాటలు మాట్లాడేవాడు తెలిసినవాడిలాగే అనిపిస్తాడు.

ఇక మీరు పంపిన రసీదుల వరస చూడండి. మొదటి మూడు వారాలు ఆ లాయరు పైసా అడగలేదు. ఫారాలు పంపాడు, పాస్‌పోర్టు నకలు తీసుకున్నాడు, ముద్రలు గుద్దిన ఆమోదపత్రం ఒకటి పంపాడు. అప్పుడు 18,500, ఫైలు రిజిస్ట్రేషన్‌కి. పది కోట్ల ముందు అదెంత! పది రోజులకు 42,000, నోటరీకి, కోర్టు స్టాంపులకు. ఆ తర్వాత 96,000, ఈ సొమ్ము ఉగ్రవాదులది కాదని చెప్పే సర్టిఫికెట్‌కి. తర్వాత 1,35,000, విదేశీ ఖాతా తెరవడానికి. ఇక్కడొక వెబ్‌సైటు లింకు ఇచ్చారు. పాస్‌వర్డ్ కొడితే మీ నాన్నగారి పేరు, ఫొటో, కింద పది కోట్ల నిల్వ కనబడ్డాయి. బదిలీ బటన్ నొక్కితే మాత్రం తొంభై శాతం దాకా వెళ్లి 'బదిలీ కోడ్ ఇవ్వండి' అని ఆగిపోయింది. ఆ కోడ్‌కి 2,10,000. చివరిది 2,38,500, ఆలస్యమైనందుకు జరిమానా. ప్రతి ఫీజూ 'ఇదొక్కటే మిగిలింది' అంటూనే వచ్చింది.

ఆ పద్దెనిమిది వేల అయిదు వందలు ఆశతో కట్టినవి. తర్వాతివన్నీ పోయినవాటిని కాపాడుకోవడానికి కట్టినవి. అరవై వేలు పోశాక 'ఇది మోసం' అని ఒప్పుకుంటే అరవై వేలూ పోయినట్టే. ఇంకో తొంభై ఆరు కడితే అన్నీ తిరిగి రావచ్చు. పేకాటలో ఓడినవాడు బల్ల దగ్గర్నుంచి లేవలేకపోవడం ఇలాంటిదే. మోసగాడు ఫీజుల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చడం ఊరికే కాదు. మొదట్లోనే రెండు లక్షలు అడిగి ఉంటే మీ నాన్నగారు నవ్వి ఊరుకునేవారు.

మూడో సంగతి గోప్యత. 'ఫైలు ముగిసేదాకా ఎవరికీ చెప్పొద్దు, వేరే వారసులు పుట్టుకొస్తారు' అని రెండో మెయిల్‌లోనే ఉంది. ఎవరికీ చెప్పకపోతే 'ఇదేంటి నాన్నా' అనే మనిషే లేకుండా పోతారు. పైన చెప్పిన అధ్యయనం కూడా ఇదే గమనించింది: బాధితులు తమ నిర్ణయాన్ని దాచుకుంటారు, లోపల ఎక్కడో అనుమానం ఉన్నా.

ఇంటిపేరు సంగతికొస్తే, మన ఇంటిపేర్లు ఒక్కొక్కటి వేలమందికి ఉంటాయి. ఇంగ్లండులో వీలునామా, వారసులు లేకుండా ఎవరైనా పోతే ఆస్తి ప్రభుత్వానికి చేరుతుంది. ఎవరూ అడగని అలాంటి ఆస్తుల జాబితాను అక్కడి ప్రభుత్వమే ఏళ్ల తరబడి ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టింది. తమదని చెప్పేవాళ్లు జనన, వివాహ పత్రాలతో రక్తసంబంధం నిరూపించాలి. ఇంటిపేరు కలిసిందని ఎవరూ వెతుక్కుంటూ రారు.

ప్రశ్న: ఆ మెయిళ్లు తప్పుల తడకలు. చూడగానే తెలిసిపోతుంది. అంత డబ్బు కొట్టేసేవాళ్లు ఒక మంచి ఇంగ్లీషు వచ్చినవాణ్ణి పెట్టుకోలేరా? – ఖమ్మం

జవాబు: మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకున్నాడు. పది లక్షల మెయిళ్లు పంపడానికి ఖర్చు దాదాపు లేదు. ఖర్చంతా జవాబిచ్చినవాళ్లతో నెలల తరబడి మాట్లాడడంలో ఉంది. మెయిల్ మరీ నమ్మేటట్టు ఉంటే మీలాంటివాళ్లు కూడా జవాబిస్తారు, నాలుగు ప్రశ్నలేసి, ఫీజు దగ్గరకొచ్చేసరికి తప్పుకుంటారు. మోసగాడికి అది దండగ శ్రమ. అందుకే కథ మొదటే అతిగా ఉంటుంది. అనుమానించేవాళ్లు గుమ్మంలోనే వెనక్కి పోతారు, చివరిదాకా వచ్చేవాళ్లే లోపలికొస్తారు. జల్లెడ అన్నమాట.

అయితే దీన్ని బట్టి 'తప్పుల్లేని మెయిల్ మంచిది' అనుకోవద్దు. ఇప్పుడు తప్పుల్లేని ఇంగ్లీషూ, తెలుగూ రాసిపెట్టే యంత్రాలు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. భాషను చూసి పసిగట్టే కాలం పోయింది.

చూడాల్సిందల్లా చిరునామా. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, మెయిల్ కుడిపక్కన మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' ఎంచుకోండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు (మెయిల్ నిజంగా ఆ చిరునామా నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు), ఎదురుగా పాస్ లేదా ఫెయిల్ అని ఉంటాయి. బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్లో ఫెయిల్ ఉంటే అది ఆ బ్యాంకుది కాదనుకోవచ్చు. పాస్ ఉంటే? చాలామంది పొరబడేది ఇక్కడే. మెయిల్ ఆ చిరునామా నుంచే వచ్చిందని మాత్రమే దానర్థం, పంపినవాడు మంచివాడని కాదు. మోసగాడు సొంత జీమెయిల్ ఖాతా నుంచి పంపితే మూడూ పాసే. తర్వాత 'రిప్లై టు' వరస చూడండి. పంపిన చిరునామా ఒకటి, జవాబు వెళ్లే చిరునామా ఇంకొకటి అయితే, అందులోనూ రెండోది ఉచిత మెయిల్ అయితే, ఇక చదవక్కర్లేదు. మన బ్యాంకుల వెబ్ చిరునామాలు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కి మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది; వేరే తోకతో వచ్చిన బ్యాంకు లింకును ఇప్పుడు మరింత అనుమానంగా చూడవచ్చు.

ప్రశ్న: దీన్ని 419 అంటారెందుకు? నైజీరియావాళ్లే కనిపెట్టారా? – పోటీ పరీక్షల విద్యార్థి, అనంతపురం

జవాబు: పేరు మాత్రమే వాళ్లది. నైజీరియా శిక్షాస్మృతిలో మోసపు మాటలతో సొత్తు కాజేయడం గురించిన సెక్షను 419. మనకు '420' ఎలా తిట్టుగా మారిందో అక్కడ 419 అలా. 1980ల్లో చమురు ధరలు పడిపోయి ఆ దేశం చితికిపోయినప్పుడు, ప్రభుత్వ చమురు కాంట్రాక్టుల్లో మిగిలిపోయిన కోట్లంటూ పోస్టులో, ఫ్యాక్సులో ఉత్తరాలు బయల్దేరాయి. మెయిల్ రావడంతో తపాలా బిళ్ల ఖర్చు కూడా మిగిలింది. అక్కడి ప్రభుత్వం 2003లో ప్రత్యేక దర్యాప్తు సంస్థ పెట్టింది, 2006లో ముందస్తు ఫీజు మోసాల మీదే ఒక చట్టం తెచ్చింది.

మోసం మాత్రం అంతకన్నా చాలా పాతది. ఫ్రెంచి పోలీసు గూఢచారి విడోక్ 1830ల్లోనే దీన్ని వర్ణించాడు: ఖైదీలు జైల్లో కూర్చుని ధనవంతులకు ఉత్తరాలు రాసేవాళ్లు, పారిపోతూ నగల పెట్టె దాచాల్సి వచ్చిందనీ, ప్రయాణ ఖర్చు పంపితే చోటు చెబుతామనీ. నూరు ఉత్తరాలకు ఇరవై జవాబులు వచ్చేవట. ఇప్పటి మోసగాళ్లు కలలో కూడా చూడని లెక్క అది. తర్వాత అదే కథ 'స్పానిష్ ఖైదీ' పేరుతో అమెరికా దాకా పాకింది.

చదువు లేనివాళ్లే పడతారనుకునేవాళ్లకు బ్రెజిల్ ఉదంతం చాలు. బాంకో నొరోయెస్తె అనే బ్యాంకులో అంతర్జాతీయ విభాగం చూసే అధికారి 1995 నుంచి 1998 దాకా నైజీరియా రాజధాని అబూజాలో కట్టబోయే విమానాశ్రయం కాంట్రాక్టు కోసమని బ్యాంకు సొమ్ము పంపుతూ పోయాడు. ఎమాన్యుయేల్ న్వూడె అనేవాడు తానే ఆ దేశపు సెంట్రల్ బ్యాంకు గవర్నర్నంటూ నడిపించిన వ్యవహారమిది. అతను అంతకుముందు ఒక బ్యాంకులో డైరెక్టరు. కాగితాలు ఎలా ఉండాలో తెలుసు. విమానాశ్రయం లేదు, కాంట్రాక్టు లేదు. నష్టం 24 కోట్ల 20 లక్షల డాలర్లు. ఆ బ్యాంకు 2001లో కుప్పకూలింది, న్వూడెకి 2005లో 25 ఏళ్ల శిక్ష పడింది.

ఒక మాట. మన దగ్గర ఫోను చేసేవాడు ఏ దేశంవాడైనా, డబ్బు పడే ఖాతా మాత్రం చాలావరకు ఇక్కడిదే, కమిషన్‌కి ఆశపడి అద్దెకిచ్చిన ఎవరిదో. 'విదేశీ యాస లేదు కాబట్టి మోసం కాదు' అనుకోకండి.

ప్రశ్న: మాకు మెయిళ్లు రావు గానీ ఊళ్లో రైస్ పుల్లింగ్ పాత్ర ఉందని, టెస్టింగ్‌కి తలా యాభై వేలు వేద్దామని తిరుగుతున్నారు. ఇదీ అదేనా? – కర్నూలు జిల్లా

జవాబు: అచ్చంగా అదే. మెయిల్ ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు. పిడుగు పడిన రాగి పాత్రలో ఇరిడియం ఉందనీ, బియ్యాన్ని లాగుతుందనీ, అంతరిక్ష సంస్థలు కోట్లు పెట్టి కొంటాయనీ చెబుతారు. కొనేముందు 'శాస్త్రవేత్త' వచ్చి పరీక్షించాలి, ఆయనకు ఫీజు. రేడియేషన్ తగలని సూటు కావాలి, దానికో ఫీజు. పరీక్షరోజు వర్షం వచ్చింది, సూటు చిరిగింది, ఇంకో తేదీ, ఇంకో ఫీజు. లండన్ లాయరు సర్టిఫికెట్ల వరసే ఇది. మీ ముందు చేసి చూపించే ప్రయోగంలో పాత్ర అడుగున అయస్కాంతం, బియ్యానికి పట్టించిన ఇనుప రజను ఉంటాయి. మీ ఇంటి డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసుకెళ్లి పెట్టమనండి, ఆరోజు గ్రహాలు బాగుండవు. రాగికి గానీ ఇరిడియానికి గానీ బియ్యాన్ని లాగే గుణం లేదు. లంకెబిందెల కోసం పూజ ఖర్చులు అడిగేవాడి పద్ధతి కూడా ఇంతే, అక్కడ శాస్త్రవేత్త బదులు మంత్రగాడు ఉంటాడు.

ప్రశ్న: కెనడాలో హోటల్ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ మెయిల్లో వచ్చింది. ఇంటర్వ్యూ కూడా చాటింగ్‌లోనే అయింది. వర్క్ పర్మిట్‌కి 'ఎల్ఎంఐఏ ఫీజు' కింద 65,000 పంపమన్నారు. తర్వాత జీతంలో తిరిగి ఇస్తారట. – జగిత్యాల

జవాబు: పంపకండి. ఎల్ఎంఐఏ అంటే స్థానికంగా మనిషి దొరకలేదని యజమాని కెనడా ప్రభుత్వం దగ్గర తీసుకునే అనుమతి. దాని ఫీజు ఒక్కో ఉద్యోగానికి 1,000 కెనడా డాలర్లు, యజమానే కట్టాలి, పనివాడి దగ్గర వసూలు చేయడం అక్కడి నిబంధనలకు విరుద్ధం. అంటే ఈ ఒక్క వాక్యంతోనే మీ ఆఫర్ లెటర్ కథ తేలిపోయింది.

మిగతా జాగ్రత్తలు ముందుముందు పనికొస్తాయి. విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటు 1983 వలస చట్టం కింద నమోదై ఉండాలి. ప్రభుత్వానికి చెందిన ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరుతో కాకుండా లైసెన్సు నంబరుతో వెతకండి, ఎందుకంటే అసలు ఏజెన్సీ పేరునే వాడుకునే నకిలీలు ఎక్కువ. నంబరు దొరికాక అక్కడున్న ఫోనుకే చేయండి, మెయిల్లో ఇచ్చిన ఫోనుకి కాదు. నమోదైన ఏజెంటు తీసుకోగలిగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. రసీదు ఇవ్వాలి, కంపెనీ ఖాతాకే కట్టించుకోవాలి. వ్యక్తి పేరున్న యూపీఐ ఐడీ ఇచ్చారంటే అక్కడితో ఆపేయండి. తెలంగాణవాళ్లు విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ అడిగి చూడవచ్చు.

పల్లెల్లో ఈ మోసం ఎక్కువ కాటు వేసేది ఎందుకంటే, గల్ఫ్‌కి వెళ్లిన దాదాపు ప్రతివాడూ ఏజెంటుకి ఎంతో కొంత ముందు కట్టే వెళ్లాడు. 'ముందు కట్టడం' ఇక్కడ మామూలు విషయం. మోసగాడు కొత్త అలవాటేమీ నేర్పనక్కర్లేదు.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో పరిచయమైన లండన్ డాక్టరు బంగారం, పౌండ్లు ఉన్న పార్శిల్ పంపాడు. ఢిల్లీ కస్టమ్స్ నుంచి ఫోను చేసి 38,000 కట్టమంటున్నారు, లేకపోతే కేసట. – విజయవాడ

జవాబు: పార్శిల్ లేదు, డాక్టరూ లేడు. నిజమైన పార్శిల్‌కి సుంకం పడితే పోస్టాఫీసో కొరియర్ కంపెనీయో బిల్లు, రసీదు ఇచ్చి వసూలు చేస్తుంది. కస్టమ్స్ అధికారి ఫోన్లో సొంత ఖాతా నంబరు ఇవ్వడు. కస్టమ్స్ శాఖ పంపే ఉత్తరాల మీద 2019 నవంబరు నుంచి 'డిన్' అనే గుర్తింపు నంబరు ఉంటుంది, ఆ శాఖ వెబ్‌సైటులో కొట్టి చూసుకోవచ్చు. మీకు నోటీసేమైనా వస్తే దాని మీద ఆ నంబరు ఉందేమో చూడండి.

ప్రశ్న: లాటరీ వచ్చినవాళ్లు పన్ను కట్టాలి కదా. మరి ముందు పన్ను అడిగితే మోసమని ఎలా అంటారు? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మంచి ప్రశ్న, మోసగాళ్లు సరిగ్గా ఈ సందులోనే దూరతారు. మన దేశంలో లాటరీ గెలుపు పదివేలు దాటితే 30 శాతం పన్నును ఇచ్చేవాడే కోసుకుని, మిగిలింది మీ చేతిలో పెట్టాలి. పది లక్షలొస్తే ఏడు లక్షలు వస్తాయి, అంతే. మీరు ముందు మూడు లక్షలు తేనక్కర్లేదు. మినహాయింపు ఒక్కటే: బహుమతి కారులాంటి వస్తువైతే, కోసుకోవడానికి డబ్బుండదు కాబట్టి, పన్ను కట్టారని తేల్చుకున్నాకే వస్తువు అప్పగించాలి. అప్పుడు కూడా ఆ పన్ను మీ పాన్ నంబరు మీద ప్రభుత్వ ఖాతాకి చలానాతో వెళ్లాలి తప్ప ఏ మేనేజరు ఖాతాకీ కాదు. టికెట్టే కొనని లాటరీ తగలడం సంగతి సరేసరి. విదేశీ లాటరీలో పాల్గొనడానికి ఇక్కణ్ణుంచి డబ్బు పంపడం విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా కింద నిషిద్ధం కూడా.

ప్రశ్న: నిన్న సాయంత్రం 52,000 కట్టేశాను. రాత్రికి అనుమానం వచ్చింది. బ్యాంకు సోమవారం దాకా తెరవదు. ఏం చేయాలి? – వరంగల్

జవాబు: ఈ పాఠకుడికి ఫోన్లోనే చెప్పేశాం. మిగతావాళ్ల కోసం వివరంగా.

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయండి. బ్యాంకు తెరిచేదాకా ఆగొద్దు. ఫోను చేసేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: మీ బ్యాంకు, ఖాతా నంబరు, పంపిన మొత్తం, తేదీ, నిమిషంతో సహా సమయం, డబ్బు వెళ్లిన ఖాతా లేదా యూపీఐ ఐడీ, యూటీఆర్ నంబరు (ప్రతి బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు). ఈ చివరిదాని దగ్గరే ఎక్కువమంది తడబడతారు. యూపీఐ, ఐఎంపీఎస్‌లకు అది 12 అంకెలు, నెఫ్ట్‌కి 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌కి 22. చెల్లింపు యాప్ తన లెక్క కోసం ఇచ్చే పొడవాటి ట్రాన్సాక్షన్ ఐడీ వేరు. అది చెబితే వెతకడం ఆలస్యమవుతుంది. నాలుగుసార్లు కట్టి ఉంటే నాలుగూ విడివిడిగా చెప్పండి.

తొందర ఎందుకంటే, మీ 52,000 మొదటి ఖాతాలో ఎంతోసేపు ఉండదు. మూడు నాలుగు ఖాతాలకు చీలి, అక్కణ్ణుంచి ఏటీఎంలో నగదుగానో క్రిప్టోగానో మారిపోతుంది. 1930కి చెప్పగానే ఆ సమాచారం మొదటి బ్యాంకుకు వెళ్తుంది, అక్కడ మిగిలినంత మేరకు నిలిపేస్తారు. ముందుకు వెళ్లిపోయిందాన్ని తర్వాతి బ్యాంకు వెతుకుతుంది. గంటలో చెప్పినవాడికీ, సోమవారం చెప్పినవాడికీ ఉన్న తేడా అదే.

తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు పెట్టి నంబరు దాచుకోండి. బ్యాంకు కస్టమర్ కేర్‌కి కూడా చెప్పి ఆ ఫిర్యాదు నంబరు తీసుకోండి. మెయిల్ని కోపంతో డిలీట్ చేయొద్దు. వేరేవాళ్లకు ఫార్వర్డ్ చేసినా అసలు దారి వివరాలు పోతాయి. జీమెయిల్లో అవే మూడు చుక్కల కింద 'డౌన్‌లోడ్ మెసేజ్' నొక్కి అసలు ఫైలే దాచండి. మోసగాడికి 'నిన్ను పోలీసులకు పట్టిస్తా' అని మెసేజ్ పెట్టడం అన్నిటికన్నా చేటు, ఉన్న కాస్త డబ్బునూ అప్పటికప్పుడు ఖాళీ చేస్తాడు. కేసు సాధారణంగా భారతీయ న్యాయ సంహిత 318(4), ఐటీ చట్టం 66డి కింద నమోదవుతుంది.

ఆధార్, పాన్ నకళ్లు పంపి ఉంటే ఇంకో గంట పని ఉంది. ఎంఆధార్ యాప్‌లో వేలిముద్రల్ని లాక్ చేయండి. టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి, మీవి కానివాటిని అక్కడే తిరస్కరించవచ్చు. ఏడాదికొకసారి ఉచితంగా వచ్చే క్రెడిట్ రిపోర్టు తీసుకుని, మీరు తీసుకోని అప్పులేవైనా ఉన్నాయేమో రెండు మూడు నెలల తర్వాత చూసుకోండి.

డబ్బు తిరిగొస్తుందా అంటే, నిలిపినంత మేరకు అవకాశం ఉంది. దానికి చాలా కేసుల్లో కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా వెనక్కి ఇప్పిస్తున్నారు. 'మూడు రోజుల్లో చెబితే బ్యాంకే భరిస్తుంది' అని చాలామంది అనుకుంటారు. రిజర్వు బ్యాంకు 2017 నాటి ఆ నిబంధన మీకు తెలియకుండా మీ ఖాతాలోంచి పోయిన డబ్బుకి. మీ చేత్తో మీరే పంపినదానికి అది వర్తించదు. ఈ మోసం అంత ధీమాగా సాగడానికి ఇదొక కారణం.

ప్రశ్న: నాకు ఎదురు డబ్బే వచ్చింది! ఎవరో 40,000 వేశారు, నాలుగు వేలు ఉంచుకుని మిగతాది వేరే ఖాతాకి పంపమంటున్నారు. ఇందులో నాకేం నష్టం? – బీటెక్ విద్యార్థి

జవాబు: ఆ 40,000 పై ప్రశ్నలోని వరంగల్ పాఠకుడిలాంటివాళ్లదై ఉంటుంది. వాళ్లు 1930కి చెప్పగానే నిలిచిపోయేది మీ ఖాతానే, పోలీసులు వచ్చేదీ మీ ఇంటికే. ఒక్క రూపాయి కదిలించకండి. బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ప్రశ్న: పోయిన డబ్బు రాబట్టి ఇస్తామని ఒక 'సైబర్ లాయర్ల సంస్థ' మెయిల్ పెట్టింది. మా కేసు వివరాలన్నీ వాళ్లకు తెలుసు. ఫీజు 12,000 మాత్రమే. – నెల్లూరు

జవాబు: వివరాలన్నీ తెలియడంలో ఆశ్చర్యమేముంది, దోచినవాళ్ల దగ్గరే కదా ఉన్నాయి! ఒకసారి కట్టినవాళ్ల జాబితాలు చేతులు మారతాయి. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు మనవాళ్లు. ఈ ఒక్క విషయంలో ఆ సామెత పనికిరాదు. ప్రభుత్వ ఫిర్యాదుకి ఫీజు లేదు.

ప్రశ్న: మా అమ్మకి అరవై ఎనిమిదేళ్లు. రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకంతో మెయిల్ వచ్చిందని ఇప్పటికి మూడుసార్లు కట్టింది. ఎంత చెప్పినా వినదు. 'నా డబ్బు మీద మీకు కన్ను' అంటోంది. – కాకినాడ

జవాబు: ఆ మాట అమ్మది కాదు. 'డబ్బు రాబోతోందని తెలిస్తే మీ ఇంట్లోవాళ్లే అడ్డుపడతారు' అని మోసగాడు ముందే చెప్పి ఉంచాడు. మీరు అడ్డుపడ్డారు, అతని జోస్యం నిజమైంది. అరిచేకొద్దీ అతని మాటకి బలం వస్తుంది.

అందుకని మోసమా కాదా అన్న వాదనలోకి దిగకండి. పక్కన కూర్చుని, మూడుసార్లు ఎప్పుడు, ఎంత, దేనికి కట్టారో, ప్రతిసారీ ఏ తేదీకి వస్తుందన్నారో ఆమె చేతే ఒక కాగితం మీద రాయించండి. చదివి వినిపించొద్దు. అక్కడ బల్ల మీద వదిలేయండి. రిజర్వు బ్యాంకు మామూలు మనుషులకు ఖాతాలు తెరవదు, వాళ్ల డబ్బు తన దగ్గర ఉంచుకోదు. ఈ సంగతి మీకన్నా ఆమె నమ్మే బ్యాంకు మేనేజరో, పెద్దమేనమామో చెబితే మేలు. ఆమె ఒప్పుకుంటే నెట్ బ్యాంకింగ్, యూపీఐ రోజువారీ పరిమితిని రెండు మూడు వేలకు తగ్గించండి, డిపాజిట్లు ముందుగా తీయాలంటే రెండో సంతకం కావాలనేలా ఉమ్మడిగా మార్చుకోండి. 'ఇంత తెలివితక్కువ పని ఎలా చేశావమ్మా' అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఆ మాటకి భయపడే చాలామంది నాలుగో ఫీజు కడతారు.

నాలుగో ఫీజు అడిగినప్పుడు ఆమె చేతే ఒక్క లైను జవాబు రాయించండి: 'ఈ ఫీజుని నాకు రావలసిన మొత్తంలోంచే కోసుకుని మిగతాది పంపండి.' నిజమైన బ్యాంకు చేసేదీ అదే. విదేశం నుంచి డబ్బు వస్తే తన ఛార్జీలు అందులోంచే తీసుకుంటుంది. అవతలి నుంచి వచ్చే జవాబు సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి. నిధి సీలు చేసి ఉంది, దాన్ని ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. సరే, మీకోసం సగం నేను నా జేబులోంచి వేస్తాను, మిగతా సగం మీరు పంపండి. లేదా, ఇరవై నాలుగు గంటల్లో కట్టకపోతే ఫైలు రద్దయి మీ మీద కేసు పెడతారు. ఈ మూడూ వేరే కాగితం మీద రాసి, మడిచి, మెయిల్ పంపకముందే అమ్మ చేతికివ్వండి. జవాబు వచ్చాక విప్పి చూసుకోమనండి.